పెద్దయిన మన పిల్లలకు ఊళ్ళో ఒక ఇల్లు: ఖర్చు ఎంత? ఎవరు పెట్టాలి?



ఈ పత్రికలో సాధారణంగా షుగరు, బి.పి., కామెర్లు, బాలింతల సంరక్షణ వంటి విషయాలు రాస్తుంటాము. ఈసారి మందు బిళ్ళతో తీరని ఒక సమస్య గురించి రాయదలచాను. మేధో వైకల్యం గల పెద్దవాళ్ళు తమ తల్లిదండ్రుల తర్వాత ఎక్కడ ఉండాలి? అందుకయ్యే ఖర్చు ఎవరు భరించాలి? మన ఓ.పి.కి అటువంటి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చే ప్రతి తల్లి మనసులో ఉండే ప్రశ్న ఇదే. కొందరు పైకి అడుగుతారు, ఎక్కువమంది అడగరు.

ముందుగా ఒక మాట. మేధో వైకల్యం వేరు, మానసిక వ్యాధి వేరు. మానసిక వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు, చాలామందికి మందులతో నయమవుతుంది లేదా అదుపులో ఉంటుంది. మేధో వైకల్యం పుట్టుకతో గాని, చిన్నతనంలో గాని వచ్చేది. నేర్చుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, ప్రమాదాన్ని గుర్తించడం వంటి పనుల్లో వీరికి మరొకరి తోడు కావాలి. ఎంత తోడు కావాలన్నది మనిషిని బట్టి మారుతుంది. పూర్వం వీరిని మందబుద్ధి, బుద్ధిమాంద్యం అనేవారు. ఆ మాటలు ఇక మానుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇటువంటివారు సుమారు 15 లక్షల మంది.

ఆయుష్షు పెరిగింది, ఏర్పాటు పెరగలేదు

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారి సంగతి చూడండి. అమెరికాలో 1983లో వీరి సగటు ఆయుష్షు 25 ఏళ్ళు. ఇప్పుడది సుమారు 60 ఏళ్ళు. గుండె ఆపరేషన్లు, యాంటీబయాటిక్ మందులు, థైరాయిడ్ పరీక్షలు అందుబాటులోకి రావడమే ఇందుకు ముఖ్య కారణం. మన దగ్గర కూడా వైద్యం అందిన చోట పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. అయితే దీని అర్థం ఏమిటో కూడా ఆలోచించాలి. పూర్వం చాలామంది తల్లిదండ్రులు ఇటువంటి బిడ్డను తామే సాగనంపేవారు. ఇప్పుడు బిడ్డ తల్లిదండ్రుల తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళు బ్రతకవచ్చు.

మరోవైపు మన కుటుంబాలు చిన్నవయ్యాయి. ఆరుగురు అన్నదమ్ములున్న ఇంట్లో ఒకరికి తోడు కావలసివస్తే తలా కొంత పంచుకునేవారు. ఇప్పుడు ఉన్నది ఒక అన్న, లేదా ఒక చెల్లెలు. వారు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. వారిని తప్పుపట్టలేము. వారికీ పిల్లలున్నారు, అద్దె ఇల్లుంది, ఉద్యోగముంది.

ఇప్పుడు ఉన్న దారులు

తల్లిదండ్రులు పోయాక ఇటువంటివారు చేరే చోట్లు మూడు. మొదటిది అన్న ఇల్లో, చెల్లెలి ఇల్లో. కొన్ని ఇళ్ళలో ప్రేమగా చూస్తారు, కొన్నింట వెనుక గదిలో పెట్టి అన్నం పెడతారు. రెండవది ఊరి బయట ఉండే పెద్ద ఆశ్రమం లేదా హాస్టలు. మూడవది బస్టాండు, గుడి మెట్లు, చర్చి గేటు.

నాలుగవ దారి ఒకటుంది. దానినే ఊళ్ళో ఇల్లు అంటున్నాను. ముగ్గురో నలుగురో కలిసి మామూలు వీధిలో, మామూలు అద్దె ఇంట్లో ఉంటారు. వారికి తోడుగా జీతం తీసుకునే సహాయకులుంటారు. ఇంట్లోనే వంట. పగలు పనికో, శిక్షణ కేంద్రానికో వెళ్ళి సాయంత్రం ఇంటికి వస్తారు. పక్కింటివాళ్ళకు వారి పేర్లు తెలుసు. కిరాణా కొట్టువాడికి వాళ్ళకు ఏ బిస్కెట్లు ఇష్టమో తెలుసు. ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. బెంగళూరులో ఆశా నికేతన్ 1970లోనే మొదలైంది. అక్కడ మేధో వైకల్యం గలవారు, లేనివారు ఒకే కుటుంబంలా కలిసి ఉంటారు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షను ప్రకారం వైకల్యం గలవారికి సమాజంలో అందరిమధ్య జీవించే హక్కు ఉంది. ఫలానా చోటే ఉండాలని వారిని బలవంతపెట్టకుండా ప్రభుత్వం చూడాలి. అంతకుముందే, 2007లో, మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 19వ అధికరణం కూడా ఇదే మాట చెప్పింది.

మరి అడ్డేమిటి? ఎవరిని అడిగినా ఒకటే జవాబు: అది చాలా ఖరీదు సిస్టర్, మనవల్ల కాదు. అందుకే ఆ ఖర్చును ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దాం.

డ్యూటీ చార్టు లెక్క

ఎన్నో ఏళ్ళుగా వార్డులకు డ్యూటీ చార్టు వేస్తున్నదానిని కనుక ఈ లెక్క నాకు అలవాటే. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తారు. 168ని 48తో భాగిస్తే మూడున్నర. పండుగ సెలవులు, జబ్బు సెలవులు, ఊరి ప్రయాణాలు కలిపితే నలుగురు. అంటే ఒక ఇంట్లో రాత్రింబగళ్ళు ఎప్పుడూ ఒక్క సహాయకుడు ఉండాలంటే నలుగురిని జీతానికి పెట్టుకోవాలి. ఇంతకంటే తక్కువమందితో నడుపుతున్నామని ఎవరైనా అంటే, ఎవరో ఒకరు సెలవు లేకుండా చాకిరీ చేస్తున్నారని అర్థం. లేదా కొన్ని గంటలు అక్కడ ఎవరూ ఉండటం లేదని అర్థం.

ఇప్పుడు ఒక మధ్యరకం పట్టణంలో నలుగురు ఉండే ఇంటికి నెల ఖర్చు వేద్దాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు. మీ ఊరి ధరలను బట్టి మార్చుకోండి.

నలుగురు సహాయకుల జీతం, ఒక్కొక్కరికి 13,000 చొప్పున: 52,000 రూపాయలు.
ఇంటి అద్దె: 10,000.
నలుగురికి, డ్యూటీలో ఉన్న సహాయకునికి భోజనం, 3,500 చొప్పున: 17,500.
కరెంటు, గ్యాసు, నీళ్ళు: 4,000.
మందులు, సబ్బులు, బట్టలు: 6,000.
ఆటో ఖర్చులు, ఆసుపత్రికి రావడం పోవడం: 2,500.
రెండు మూడు ఇళ్ళను కలిపి చూసే సూపర్‌వైజరు జీతంలో వాటా: 5,000.
రిపేర్లకు, అత్యవసరానికి పక్కన పెట్టేది: 3,000.

మొత్తం 1,00,000 రూపాయలు. మనిషికి నెలకు 25,000, ఏడాదికి 3 లక్షలు.

ఈ పట్టీలో అద్దె పదోవంతు మాత్రమే. సగానికి పైగా మనుషుల జీతం. కాబట్టి ఊళ్ళో ఇల్లు ఖరీదు అని మనం అనేటప్పుడు, నిజానికి ఇంటి గురించి మాట్లాడటం లేదు. ఒక మనిషికి మరొక మనిషి తోడుగా ఉండే గంటల ఖరీదు గురించి మాట్లాడుతున్నాం.

ఇక ఆదాయం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు చేశారు. తెలంగాణలో 2023లో 4,016కు పెంచారు. పేద కుటుంబానికి ఇది పెద్ద ఆధారమే. కాని పై లెక్కలో 6,000 అంటే పావు వంతు కూడా కాదు.

అందరికీ ఒకే తూకం వద్దు

25,000 అనగానే భయపడకండి. ఆ లెక్క రాత్రింబగళ్ళు తోడు అవసరమయ్యేవారికి. మేధో వైకల్యం గలవారిలో ఎక్కువమందిది తక్కువ స్థాయి వైకల్యమే. వారు స్నానం, భోజనం, బట్టలు ఉతుక్కోవడం సొంతంగా చేసుకుంటారు. నేర్పిస్తే వంట కూడా చేస్తారు. వారికి కావలసింది రోజూ ఒకరు వచ్చి చూసి, డబ్బు లెక్క సరిచేసి, మాత్రలు వేసుకున్నారో లేదో కనుక్కొని వెళ్ళడం.

అటువంటివారు ఇద్దరు రెండు గదుల వాటాలో ఉన్నారనుకోండి. అద్దె 6,000. ఒక్కొక్కరికి రోజుకు రెండు గంటల సహాయం అంటే ఇద్దరికీ కలిపి వారానికి 28 గంటలు, జీతం సుమారు 7,600. భోజనం 7,000. మిగతావి 4,000. మొత్తం 24,600, మనిషికి 12,300. ఆంధ్రప్రదేశ్ పింఛనుతో దాదాపు సగం వస్తుంది. నర్సరీలోనో, లాండ్రీలోనో, క్యాంటీనులోనో కొంత సంపాదిస్తే మిగతా సగంలో కొంత వాళ్ళే పెట్టుకుంటారు.

మంచం మీది నుండి లేవలేనివారికి, ఫిట్స్ అదుపులో లేనివారికి పై లెక్కకంటే ఎక్కువే అవుతుంది. అందుచేత ముందు మనిషిని చూడాలి, ఏ పనికి ఎంత తోడు కావాలో రాయాలి, ఆ తర్వాత ఖర్చు వేయాలి. అందరినీ ఒకే కప్పు కింద ఒకే పద్ధతిలో ఉంచితే కొందరికి అవసరం లేని కాపలా, మరికొందరికి చాలని సహాయం దొరుకుతాయి. డబ్బు మాత్రం ఇద్దరి మీదా ఖర్చవుతుంది.

పెద్ద హాస్టలు చవకా?

వందమంది ఉండే హాస్టలు చవక అని చాలామంది నమ్మకం. ఆ చవక ఎక్కడ నుండి వస్తుందో చూద్దాం. వందమందికి మొత్తం 12 మంది సహాయకులున్నారనుకుందాం. ఇందాకటి లెక్క ప్రకారం ఒక వేళలో డ్యూటీలో ఉండేది ముగ్గురే. అంటే 33 మందికి ఒకరు. మనిషికి పడే జీతం ఖర్చు నెలకు 1,560 రూపాయలు. మన చిన్న ఇంట్లో అది 13,000. తేడా కళ్ళకు కనబడుతోంది.

కాని ఆ హాస్టల్లో కూడా నలుగురికి ఒక సహాయకుడు ఎప్పుడూ ఉండాలనుకోండి. వందమందికి వందమంది సహాయకులు కావాలి. అప్పుడు మనిషికి పడే జీతం మళ్ళీ అదే 13,000. పెద్ద కట్టడం వల్ల మిగిలేది అద్దెలో, వంటలో కొంత మాత్రమే. ఐరోపా దేశాల సంస్థలను పరిశీలించిన నిపుణులు 2007లో ఇచ్చిన నివేదికలో ఇదే తేల్చారు. ఒకే రకమైన అవసరాలు గలవారిని, ఒకే నాణ్యత గల సంరక్షణను పోల్చి చూస్తే, ఊళ్ళో ఉంచడం పెద్ద సంస్థలకంటే స్వతహాగా ఖరీదన్న ఆధారం లేదని చెప్పారు. హాస్టలు చవకగా ఉండటానికి కారణం అక్కడ మనుషులు తక్కువ ఉండటమే.

33 మందికి ఒకరు ఉంటే ఏమవుతుందో నర్సుగా చెప్పగలను. మింగడం కష్టమైనవారికి అన్నం నెమ్మదిగా, కూర్చోబెట్టి, ముద్ద ముద్దకూ ఆగి తినిపించాలి. తొందరపడితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మాట రానివారికి మలబద్ధకం ఎన్ని రోజులైందో ఎవరూ గమనించకపోతే పేగు మూసుకుపోయే స్థితిలో ఆసుపత్రికి తెస్తారు. పంటి నొప్పి వచ్చినవాడు గోడకు తల కొట్టుకుంటే అల్లరి అంటారు, మత్తు మందు ఇస్తారు. వీరిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఫిట్స్ ఉంటాయి. రాత్రి వచ్చిన ఫిట్స్ తెల్లవారేదాకా ఎవరికీ తెలియదు. ఒకరికి గజ్జి వస్తే హాలంతా గజ్జి. డౌన్ సిండ్రోమ్ గలవారికి నలభై, యాభై ఏళ్ళకే అల్జీమర్స్ మొదలు కావచ్చు. రోజూ చూసే మనిషి ఉంటేనే మార్పు కనిపెడతారు.

2024 జూలైలో ఢిల్లీ రోహిణి ప్రాంతంలోని ఆశా కిరణ్ అనే ప్రభుత్వ వసతిగృహంలో ఒక్క నెలలో పదిమందికి పైగా చనిపోయారన్న వార్త దేశమంతా చదివింది. మేధో వైకల్యం గలవారి కోసం నడిపే గృహమది. సామర్థ్యానికి మించి వందలమంది అందులో ఉన్నారు. విషయం హైకోర్టు వరకు వెళ్ళింది. అది రాజధాని నగరం. ఎవరూ తొంగిచూడని చోట్ల సంగతి మీరే ఊహించుకోండి.

ఈ ఖర్చు ఇప్పుడు ఎవరు కడుతున్నారు?

ఊళ్ళో ఇంటికి లక్ష రూపాయలు ఎక్కడ నుండి వస్తాయని అడిగేవారు, ఇంట్లో ఉన్నవారి ఖర్చు ఇప్పుడు ఎవరు కడుతున్నారని అడగరు. ఆ ఖర్చు కట్టేది తల్లి. ఆమెకు ఎవరూ డ్యూటీ చార్టు వేయలేదు. వారంలో 168 గంటలూ ఆమే. వారపు సెలవు లేదు, రిలీవరు లేరు.

ఆ ఖర్చు మాకు వార్డుల్లో కనబడుతుంది. ఆపరేషను చెప్పిన తల్లి, వాణ్ణి ఎవరి దగ్గర వదలను సిస్టర్ అని తేదీ వాయిదా వేసుకుంటుంది. బి.పి. మాత్రలు కొనడం మానేసి కొడుకు ఫిట్స్ మాత్రలు కొంటుంది. మోకాళ్ళు అరిగిన అరవై ఏళ్ళ మనిషి, తనకంటే బరువైన నలభై ఏళ్ళ కూతుర్ని ఎత్తి కూర్చోబెడుతుంది. చెల్లెలు చదువు మధ్యలో ఆపి ఇంటిపట్టున ఉండిపోతుంది. తండ్రి దూరాన వచ్చిన మంచి ఉద్యోగం వదులుకుంటాడు. ఇవన్నీ ఖర్చులే. రశీదు లేదు కనుక ఖర్చు లేదని అనుకుంటున్నాం. ఆమె పడిపోయిన రోజున, ఒక్కసారిగా నలుగురు మనుషుల పని ఖాళీ అవుతుంది. అప్పుడు తొందరలో, ఏ చోటు దొరికితే ఆ చోట చేరుస్తారు. తల్లి పోయిన వారంలోనే ఇల్లు, మంచం, తెలిసిన ముఖాలు అన్నీ ఒకేసారి పోగొట్టుకున్న మనిషి తిండి మానేస్తే ఆశ్చర్యమేముంది?

కొన్ని అభ్యంతరాలు

చిన్న ఇంట్లో మాత్రం కొట్టరా, తిట్టరా అని అడగవచ్చు. నిజమే. నాలుగు గోడల మధ్య ఏదైనా జరగవచ్చు. అందుకే సూపర్‌వైజరు ఖర్చు పట్టీలో వేశాను. చెప్పకుండా వచ్చి చూసేవారు ఉండాలి, తల్లిదండ్రుల సంఘానికి తాళం చెవి ఉండాలి. పక్కింటివాళ్ళు ఉండటం కూడా ఒక కాపలాయే. ఊరి బయట ప్రహరీగోడ వెనుక ఆ కాపలా ఉండదు.

ఇల్లు అద్దెకివ్వరు అన్నది రెండవ అభ్యంతరం. ఇది నిజమైన కష్టమే. ఇంటివారు భయపడతారు, వీధివారు గొణుగుతారు. సంఘంలో పేరున్నవారు ఒకరు పూచీ ఉంటే, రెండు మూడు నెలలు గడిస్తే, ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ఇది ధనిక దేశాల పద్ధతి, మనకెందుకు అంటారు మరికొందరు. స్వీడన్ ఇటువంటివారి పెద్ద సంస్థలను 1999 చివరికల్లా మూసివేయాలని చట్టమే చేసింది. అమెరికాలో 1981 నుండి, సంస్థల్లో కాకుండా ఇళ్ళలో ఉండేవారికి కూడా మెడికెయిడ్ నిధులు వాడుకునే వీలు కల్పించారు. అయినా అక్కడ ఆ సహాయం కోసం లక్షల మంది వరుసలో వేచి ఉన్నారు. కాబట్టి ఇది డబ్బున్న చోట కూడా తేలిక కాదు. కాని వారు ముందు దశాబ్దాల తరబడి పెద్ద సంస్థలు కట్టి, నడిపి, ఆ తర్వాత మూయడానికి మళ్ళీ డబ్బు పెట్టారు. మనం ఆ కట్టే ఖర్చు, మూసే ఖర్చు రెండూ తప్పించుకోవచ్చు.

ఎవరేం చేయాలి?

మొదట ప్రభుత్వం. 2016 చట్టం 24వ సెక్షనులో, ఎక్కువ తోడు అవసరమైనవారికి సంరక్షకుల భత్యం అనే మాట రాసి ఉంది. పింఛను వేరు, ఈ భత్యం వేరు. పింఛను బియ్యానికి, బట్టకు సరిపోతుంది. మనిషి తోడుకు వేరే డబ్బు కావాలి. మన ప్రజాప్రతినిధులు ఓట్లకు వచ్చినప్పుడు పింఛను ఎంత పెంచుతారని మాత్రమే అడుగుతున్నాం. సంరక్షకుల భత్యం ఎప్పుడిస్తారని కూడా అడగాలి. 1999 చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్టుకు వసతి కోసం సమర్థ్-ఘరౌందా అనే పథకం ఉంది. సంరక్షకుల శిక్షణకు సహయోగి ఉంది. ఆరోగ్య బీమాకు నిరామయ ఉంది. దానికింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు ఇస్తారు. మన జిల్లాల్లో వీటి పేర్లే చాలామందికి తెలియవు.

తరువాత కుటుంబం. బిడ్డకు 18 ఏళ్ళు నిండితే తల్లిదండ్రులు చట్టం దృష్టిలో సహజ సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకొని సంరక్షకునిగా నియామకం పొందాలి. సదరం సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు తీసి ఉంచండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే, సంపాదించుకోలేని వైకల్యం గల బిడ్డకు వయసుతో పనిలేకుండా జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ఆ బిడ్డ పేరు సర్వీసు రికార్డులో ముందే రాయించండి. అన్నింటికంటే ముఖ్యంగా, మీరు బాగుండగానే బిడ్డను నెలకు రెండు రోజులు వేరేచోట ఉండటం అలవాటు చేయండి. మీకూ కాస్త విశ్రాంతి, బిడ్డకూ అభ్యాసం.

ఇక దాతలకు, సంఘ పెద్దలకు ఒక విన్నపం. కట్టడానికి డబ్బు ఇచ్చేవారు మనకు దొరుకుతారు. శంకుస్థాపన, శిలాఫలకం, ప్రారంభోత్సవం ఉంటాయి. ఒక సహాయకురాలి నెల జీతం మీద ఎవరి పేరూ చెక్కరు, అందుకని ఆ ఖర్చుకు దాతలు దొరకరు. ఫలితంగా మేడలు లేస్తున్నాయి, లోపల మనుషులు లేరు. కోటి రూపాయలతో హాస్టలు కట్టాలనుకునే దాత ఎవరైనా ఉంటే ఈ లెక్క చూపించండి. ఆ కోటి 6 శాతం వడ్డీకి వేస్తే నెలకు 50,000 వస్తుంది. నలుగురు ఉండే ఒక ఇంటి సహాయకుల జీతాలు దాదాపు తీరిపోతాయి, అసలు కోటి అలాగే ఉంటుంది. మన సంఘాల ఆవరణల్లో తాళం వేసి ఉన్న పాత క్వార్టర్లు ఊరి మధ్యనే ఉంటే, వాటిలో ఒకటి రెండు అద్దె లేకుండా ఇవ్వవచ్చు. అద్దె మిగిలితే ఆ డబ్బు జీతాలకు పోతుంది.

సహాయకుల గురించి కూడా చెప్పాలి. సేవ అనే పేరు చెప్పి తక్కువ జీతం ఇవ్వకండి. తన పిల్లల ఫీజు కట్టలేని మనిషి ఆరు నెలల్లో వెళ్ళిపోతుంది. కొత్తవారు వస్తారు. మాట రాని మనిషి నొప్పిని కనిపెట్టడానికి నెలలు పడుతుంది. ప్రతిసారి మళ్ళీ మొదటి నుండి మొదలు. జీతంలో మిగిల్చిన డబ్బు ఆసుపత్రి బిల్లులో పోతుంది.

చివరగా, ఇటువంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులు ఈ వారం ఒక చిన్న పని చేయండి. ఒక నోటుపుస్తకంలో ఉదయం ఆరు నుండి మరునాడు ఉదయం ఆరు వరకు గంట గంటకు గీతలు గీయండి. ఏ గంటలో మీ బిడ్డకు ఎవరు ఏ పని చేస్తున్నారో, ఏ పని తనే చేసుకోగలడో రాయండి. తినిపించే పద్ధతి, మాత్రల వేళలు, భయపడే విషయాలు, ఇష్టమైన పాట కూడా రాయండి. ఏ అధికారి దగ్గరకు వెళ్ళినా, ఏ దాతను అడిగినా, ఖర్చు లెక్క మొదలు కావలసింది ఆ పేజీ నుండే. రేపు మీ స్థానంలో డ్యూటీకి వచ్చే మనిషి చదువుకోవలసిన మొదటి కాగితం కూడా అదే. ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ పుస్తకం వెంట తెచ్చుకోండి. నర్సింగ్ ఆఫీసులో కూర్చొని మీ లెక్క మీతో కలిసి వేస్తాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్